నాకే జబ్బూ లేదు, మరి చిగుళ్ళకేమయింది?

ఈ హాల్లో దంతవైద్య మిత్రులున్నారు, హాజరు సంతకం కోసం వచ్చి వెనక వరసల్లో సర్దుకున్న విద్యార్థులున్నారు, నోట్లో పళ్ళున్నాయన్న ఒక్క సంబంధంతో ఇంత దూరం వచ్చిన ఊరివారున్నారు. ఈ సాయంత్రం నా మాటలు ముఖ్యంగా ఆ చివరివారి కోసం. వైద్య మిత్రులకు తెలిసిన సంగతులు చాలానే వస్తాయి. కాస్త ఓపిక పట్టాలి.

ఈ ధర్మనిధి ఉపన్యాసం డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ గారి పేరున జరుగుతోంది. ఆయన 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్లో పుట్టారు. అమెరికా వెళ్ళి అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంతవైద్య పట్టా పుచ్చుకున్నారు. బోస్టన్‌లో కొన్నాళ్ళు పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక కలకత్తా చేరుకున్నారు. 1920లో అక్కడే మన దేశపు మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. దానికి డబ్బు ఎలా తెచ్చారో విద్యార్థులు తెలుసుకోవాలి. న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే ఐస్‌క్రీమ్ దుకాణం నడిపి, ఆ రాబడిని కాలేజీకి పెట్టారు. తీపి అమ్మి పళ్ళ కాలేజీ నడిపాడని నవ్వుకోవచ్చు గానీ, ఆయనకు కనిపించిన దారి అది. పాకిస్తాన్ స్థాపకుడు జిన్నా చెల్లెలు ఫాతిమా దంతవైద్యం చదివింది ఆ కళాశాలలోనే. 1949లో దాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. పశ్చిమ బెంగాల్లో మంత్రిగా పనిచేశారు, 1964లో పద్మభూషణ్ అందుకున్నారు, 1965లో కన్నుమూశారు. దంతవైద్యం చదువుకుని చేయవలసిన వైద్యమని ఈ దేశాన్ని ఒప్పించడానికి ఆయనకు ఒక జీవితకాలం పట్టింది.

ఆయన పోయిన 1965లోనే డెన్మార్క్ నుంచి ఒక చిన్న పరిశోధనా పత్రం వెలువడింది. నేను చెప్పదలచుకున్నది అక్కడ మొదలవుతుంది.

1

ఆర్హుస్ నగరపు దంతవైద్య కళాశాలలో హరాల్డ్ లోయె అనే నార్వే దేశపు ఆచార్యుడు ఉండేవాడు. ఆయనా, ఆయన సహచరులూ 12 మందిని ఎంచుకున్నారు. ఎక్కువమంది మొదటి ఏడాది విద్యార్థులు. అందరూ ఆరోగ్యవంతులు, చిగుళ్ళు గులాబీ రంగులో శుభ్రంగా ఉన్నవాళ్ళు. పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. అంతే, ప్రయోగం ఇంకేం లేదు. (వెనక వరసల్లో కొందరి మొహాలు వెలిగాయి. ఆ ప్రయోగం ఎప్పుడో ముగిసింది, కూర్చోండి.)

10 నుంచి 21 రోజుల్లోపల పన్నెండుమందికీ చిగుళ్ళు ఎర్రబడి, ఉబ్బి, తాకితే రక్తం వచ్చే స్థితికి వచ్చాయి. ఒక్కరూ తప్పించుకోలేదు. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో అందరికీ మామూలైపోయింది. అంతవరకూ చిగుళ్ళ జబ్బుకు వయసనీ, విటమిన్ లోపమనీ, ఒంటి తత్వమనీ రకరకాల కారణాలు చెప్పుకునేవారు. ఈ ప్రయోగంతో పంటి మీద పేరుకునే పాచి దోషిగా తేలిపోయింది. పాచి అంటే అన్నం మెతుకులు కావు. పంటికి అంటుకుని పొరలుగా పెరిగే బ్యాక్టీరియా అది. రోజూ తీసేయకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు దానిలో దిగి గట్టిపడి గారగా మారుతుంది. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునే చోట్ల, అంటే కింది ముందరి పళ్ళ లోపలివైపూ, పై దవడ పళ్ళ బయటివైపూ గార ఎక్కువగా పట్టేది అందుకే. ఇంటికి వెళ్ళాక నాలుకతో తడిమి చూసుకోండి.

ఇక్కడితో ఆగితే నేను ‘రెండుపూటలా తోముకోండి’ అని చెప్పి కూర్చోవచ్చు. చాలా ఏళ్ళు మా వృత్తి చేసిన పని అదే. అది సగం నిజం. ఆ పన్నెండుమందికీ వచ్చింది చిగుళ్ళ వాపు, దాన్ని మేం జింజివైటిస్ అంటాం. అది తిరిగి మానుతుంది. పళ్ళు ఊడగొట్టేది దాని తర్వాతి దశ, పెరియోడాంటైటిస్. అందులో పంటిని ఎముకకు కట్టి ఉంచే పీచు తెగి, చిగురుకూ పంటికీ మధ్య సంచి ఏర్పడి, లోపల ఎముక కరుగుతుంది. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. మొదటిది వచ్చిన ప్రతివారికీ రెండోది వస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అదే లోయె తేయాకు తోటలకు వెళ్ళాడు.

2

1970లో శ్రీలంక కొండప్రాంతంలోని రెండు తేయాకు ఎస్టేట్లలో 480 మంది మగ కూలీల నోళ్ళను పరీక్షించడం మొదలైంది. వాళ్ళు తమిళులు, తాతముత్తాతల కాలంలో మన దక్షిణాది నుంచి వలస వెళ్ళినవాళ్ళు. అప్పటికి వాళ్ళ వయసు 14 నుంచి 31 ఏళ్ళు. కొండలెక్కి దిగే పని, ఒళ్ళు గట్టివే. పళ్ళ డాక్టరు అనే మనిషి వాళ్ళ జీవితంలో లేడు, పళ్ళు తోముకునే అలవాటూ లేదు. వైద్యం అందనిచోట వ్యాధి తనంతట తాను ఎలా నడుస్తుందో చూడటమే ఆ అధ్యయనం ఉద్దేశం. 1985 వరకు అవే నోళ్ళను మళ్ళీ మళ్ళీ కొలిచారు. ఈ రోజుల్లో అలాంటి ప్రతిపాదనను నైతిక సమీక్షా సంఘం ముందు పెడితే గట్టి ప్రశ్నలు ఎదురవుతాయి, ఎదురవాలి కూడా. కానీ అక్కడ తెలిసింది మరెక్కడా తెలిసేది కాదు.

పాచి అందరికీ ఉంది. గార అందరికీ ఉంది. చిగుళ్ళ వాపు అందరికీ ఉంది. ఆర్హుస్ పాఠం ప్రకారం అందరి పళ్ళూ ఒకే తీరున పోవాలి. 1986లో అచ్చయిన లెక్క వేరే చెప్పింది. నూటికి 8 మందిలో జబ్బు పరుగెత్తింది. 35 ఏళ్ళకే పంటి పట్టు సగటున 9 మిల్లీమీటర్లు జారిపోయింది, 45 వచ్చేసరికి నోట్లో పళ్ళు దాదాపు మిగల్లేదు. 81 మందిలో నెమ్మదిగా నడిచింది. 35 ఏళ్ళకు 4 మిల్లీమీటర్లు, 45కు 7, ఆలోపు పోయిన పళ్ళు సగటున ఏడు. మిగిలిన 11 మందిలో వాపు వాపుగానే ఉండిపోయింది, ఎముక జోలికి పోలేదు. వాళ్ళు ఒక్క రోజు బ్రష్ పట్టకుండానే నిండు పళ్ళతో నడివయసుకు వచ్చారు.

మా దగ్గరికి వచ్చే ప్రతి రెండో మనిషీ ఒక మాట అంటాడు: ‘మా తాత జీవితంలో పేస్టు ముట్టలేదండీ. వేపపుల్ల, కచిక, ఉప్పు. ఎనభై ఏళ్ళకూ చెరుకుగడ నమిలేవాడు.’ నేను నమ్ముతాను. వేపపుల్ల మీద నాకు గౌరవమే, నమిలి కుంచెగా చేసి ఓపిగ్గా తోముకుంటే పాచి పోతుంది. కానీ ఆ తాత బహుశా ఆ 11 మందిలో ఒకరు. అరవైకే బోసినోటితో జావ తాగి కాలం గడిపిన మిగతా తాతలను ఉదాహరణగా చెప్పడానికి మనవలెవరూ ముందుకు రారు.

కాబట్టి పాచి లేనిదే ఈ జబ్బు మొదలవదు. అయితే ఎంత దూరం పోతుందో నిర్ణయించేది పాచి ఒక్కటే కాదు. పెరట్లో ఎండుటాకులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, నిప్పురవ్వ పడితే ఏ ఇల్లు ఎంత కాలుతుందన్నది పైకప్పును బట్టి ఉంటుంది. మన పైకప్పులో ఏముందన్నదే ఇక మిగిలిన నా ఉపన్యాసం.

3

మొదటిది పొగాకు. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మానవలసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు కనక. బయట మెట్ల దగ్గర ఇందాకే చూశాను.

అమెరికాలో 1988 నుంచి 1994 వరకు జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే వివరాలను విశ్లేషించి 2000లో ప్రచురించారు. పొగ తాగేవారికి పెరియోడాంటైటిస్ ఉండే అవకాశం ఎన్నడూ తాగనివారితో పోలిస్తే సుమారు 4 రెట్లు. అక్కడి పెద్దల్లో ఉన్న పెరియోడాంటైటిస్‌లో దాదాపు సగాన్ని పొగ ఖాతాలో వేయవచ్చని తేలింది. సిగరెట్ల సంఖ్య పెరిగేకొద్దీ ముప్పూ పెరిగింది. మాని 11 ఏళ్ళు దాటినవారిలో అది ఎన్నడూ తాగనివారి స్థాయికి దగ్గరగా వచ్చింది. చిగుళ్ళ జబ్బు విషయంలో మన చేతుల్లో ఉన్న ఏ ఒక్క మార్పూ ఇంత లాభం ఇవ్వదు.

పొగ చేసే పని ఏమిటి? సూక్ష్మజీవుల మీదికి వెళ్ళవలసిన తెల్లరక్తకణాలను దెబ్బతీస్తుంది, తెగిన పీచు తిరిగి అల్లుకోకుండా అడ్డుపడుతుంది. ఇవి రెండూ ఒక ఎత్తు. చిగురులో రక్తనాళాల స్పందనను అణిచేయడం మరో ఎత్తు. లోపల ఎముక కరుగుతున్నా పైన చిగురు ఎర్రబడదు, ఉబ్బదు, తోముకుంటే రక్తం రాదు. పాలిపోయి గట్టిగా కనిపిస్తుంది. మామూలు మనిషికి జబ్బును పట్టిచ్చే గుర్తు రక్తమే. పొగ ఆ గుర్తును చెరిపేస్తుంది. ‘నా చిగుళ్ళు రాయిలా ఉంటాయండీ, ఏనాడూ రక్తం చూడలేదు’ అని గర్వంగా చెప్పే చుట్టరాయుళ్ళకు ఎక్స్‌రే తీస్తే పళ్ళ మొదళ్ళలో సగం ఎముక లేకపోవడం మేం తరచూ చూసేదే. ఒక సంగతి ముందే చెప్పి పెడతాను. పొగ మానిన కొత్తలో చిగుళ్ళ నుంచి రక్తం రావచ్చు. మానినందుకు జబ్బు వచ్చిందని బెదిరిపోయి మళ్ళీ అంటించుకోకండి. ఇన్నాళ్ళూ దాగి ఉన్నది ఇప్పుడు బయటపడుతోంది.

పొగాకు, చిగుళ్ళ సంబంధాన్ని తొలిగా పట్టుకున్నవారిలో డెన్మార్క్ వైద్యుడు యెన్స్ పిండ్‌బోర్గ్ ఉన్నాడు. 1947లోనే దీని మీద రాశాడు. ఆయనకూ మనకూ ఒక చుట్టరికం ఉంది. పాతికేళ్ళ తర్వాత ఆయన బొంబాయి పరిశోధకులతో కలిసి శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ మీద పనిచేశాడు. మండే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే మన తీరప్రాంతపు ఆడవాళ్ళ అంగిళ్ళను పరిశీలించి, 10,169 మంది గ్రామస్థుల వివరాలతో 1971లో ఆ పత్రం వచ్చింది. అది అంగిలి మీది మచ్చల, కేన్సర్ల కథ, చిగుళ్ళది కాదు. అయినా ఉత్తరాంధ్ర నోళ్ళు ప్రపంచ వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది పొగాకు వల్లనేనని మనం మరిచిపోకూడదు.

ఖైనీ, గుట్కా వాడేవారు ‘మాది పొగ కాదు కదా’ అంటారు. ఏ చెంప పక్కన దాచుకుంటారో అక్కడి చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడటం అద్దంలో మీరే చూసుకోవచ్చు. పొగాకు కలిసిన పళ్ళపొడులను మన దేశంలో 1992లో నిషేధించారు. నిషేధం కాగితం మీద ఉన్నంత గట్టిగా అంగట్లో లేదని మీకూ తెలుసు.

4

రెండోది చక్కెర జబ్బు. ‘మనం ఆరోగ్యవంతుల గురించి మాట్లాడుతున్నాం కదా, ఇదెందుకు?’ అని మీరు అడగాలి. అడుగుతారనే ఇక్కడ పెట్టాను.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గిలా నది ఒడ్డున పీమా తెగవారు ఉంటారు. వాళ్ళలో రెండోరకం మధుమేహం చాలా ఎక్కువ. అందువల్ల దశాబ్దాలపాటు వాళ్ళ ఆరోగ్యాన్ని గమనించారు. అక్కడ మధుమేహం ఉన్నవారికి కొత్తగా పెరియోడాంటైటిస్ వచ్చే రేటు లేనివారికంటే 2.6 రెట్లు ఉందని 1990లో తేలింది. చక్కెరను అదుపులో పెట్టుకున్నవారికి ఈ ముప్పు అంతగా ఉండదు. అదుపు తప్పినవారిలోనే పెరుగుతుంది. కారణం రక్తంలో తిరిగే అధిక చక్కెర. అది ప్రోటీన్లకు అంటుకుని ఏర్పడే పదార్థాలు చిగురులో మంటను ఎగదోస్తాయి, తెల్లరక్తకణాలు చురుకు తగ్గుతాయి, గాయం మానడం ఆలస్యమవుతుంది. కళ్ళు, మూత్రపిండాలు, నరాలు, రక్తనాళాలు మొదలైనవాటికి వచ్చే చిక్కుల వరసలో చిగుళ్ళ జబ్బును మధుమేహపు ఆరో ఉపద్రవంగా చేర్చాలని 1993లో ఒక వైద్యుడు రాశాడు. ఎవరనుకున్నారు? ఆ లోయెయే. అప్పటికి ఆయన అమెరికా జాతీయ దంత పరిశోధనా సంస్థకు సంచాలకుడు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. భారత వైద్య పరిశోధనా మండలి చేయించిన దేశవ్యాప్త సర్వే 2023లో వచ్చింది. మన దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్లమంది దాని గుమ్మంలో ఉన్నారని అంచనా వేసింది. వీళ్ళలో ఎంతోమందికి ఆ సంగతే తెలియదు. తమ దృష్టిలో వాళ్ళు ఆరోగ్యవంతులే. ‘నాకే జబ్బూ లేదండీ’ అని చెప్పేటప్పుడు అబద్ధమాడటం లేదు, పరీక్ష చేయించుకోలేదు, అంతే. నలభై ఏళ్ళ మనిషి శుభ్రంగా తోముకుంటూ కూడా చిగుళ్ళలో మళ్ళీ మళ్ళీ చీము గడ్డలు లేచి వస్తుంటే, నేను పళ్ళకంటే ముందు రక్తపరీక్షకు పంపుతాను. షుగరు ఉన్నట్టు మొదట పళ్ళ కుర్చీలో తెలిసినవారు ఈ దేశంలో తక్కువేం కాదు.

ఈ బంధం అటునుంచీ నడుస్తుంది. మధుమేహం ఉన్నవారి చిగుళ్ళకు సరిగా వైద్యం చేస్తే, మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే కొన్ని నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష అంకె, సగటున 0.4 దాకా తగ్గుతుందని అనేక ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. అది చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ వైద్య మిత్రులకు దాని విలువ తెలుసు. అలాగని గార తీయించుకుని మాత్రలు మానేయకండి.

5

మూడోది మనం ఎంచుకోనిది, పుట్టుక. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో, ఒకరి చిగుళ్ళకూ మరొకరి చిగుళ్ళకూ కనిపించే తేడాలో దాదాపు సగం వారసత్వం వల్లనని అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. దీనికి మందు లేదు, కానీ ఉపయోగం ఉంది. మీ నాన్నకో అమ్మకో నలభైలోనే పళ్ళు కదిలి ఊడిపోయి ఉంటే, మీరు ముప్పైలోనే జాగ్రత్త పడాలి. మనవాళ్ళు ‘మా వంశంలో అంతే’ అని చెప్పి చేతులు ముడుచుకుంటారు. వంశంలో ఉందని తెలిసినవాడే మిగతావారికంటే ముందు తలుపు తట్టాలి.

మిగతావాటిని త్వరగా దాటేస్తాను. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల అదే పాచికి చిగురు మరింత గట్టిగా స్పందిస్తుంది. రెండో నెల నుంచి ఎనిమిదో నెల దాకా ఇది పెరుగుతుందని 1963లో చూపినవారిలోనూ లోయె ఉన్నాడు. కాన్పు తర్వాత చాలావరకు తగ్గుతుంది. పిల్లాడికి కాల్షియం ఇచ్చి తల్లి పళ్ళు అరిగాయన్నది నిజం కాదు. అమ్మాయిల పళ్ళు పోయేది రక్తం వస్తోందని తోముకోవడం మానేయడం వల్ల, డాక్టరు దగ్గరికి కాన్పయ్యాక చూద్దాంలే అనడం వల్ల. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ కొందరిలో చిగురును కండలా పెంచుతాయి. మాత్ర మీరే ఆపేయకుండా రాసిన డాక్టరుకు చెప్పండి. ఇరుకుగా ఒకదానిమీదొకటి ఎక్కిన పళ్ళు, అంచు సరిగా కూర్చోని క్యాపులు పాచికి స్థావరాలు. క్యాపు పెట్టినవాడిదే ఆ తప్పు, మా వృత్తిదే.

మనసు మీది భారం గురించి ఒక్క మాట. న్యూయార్క్ రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో జరిగిన అధ్యయనం 1999లో వచ్చింది. డబ్బు ఇబ్బందుల ఒత్తిడిలో ఉన్నవారికి పంటి పట్టు ఎక్కువగా జారింది. అయితే అంతే ఒత్తిడిని నిబ్బరంగా ఎదుర్కొన్నవారిలో అది కనిపించలేదు. దీన్ని నేను పొగాకు పక్కన, చక్కెర పక్కన కూర్చోబెట్టను. ఆధారం అంత బలమైంది కాదు. ఒత్తిడిలో ఉన్నవాడు ఎక్కువ పొగ తాగుతాడు, సరిగా తోముకోడు, వీటిని విడదీయడం కష్టం.

6

ఇంతకూ ఏం చేయాలి?

2017లో ప్రపంచ నిపుణులు షికాగోలో కూర్చుని చిగుళ్ళ జబ్బును వర్గీకరించే పద్ధతినే మార్చారు. ఇప్పుడు జబ్బు ఎంత పాడుచేసిందో ఒక అంకెతో, ఎంత వేగంగా పోబోతోందో ఒక అక్షరంతో రాస్తాం. ఆ వేగాన్ని నిర్ణయించేటప్పుడు రెండు విషయాలు తప్పక లెక్కలోకి తీసుకోవాలన్నారు. రోజుకు 10 లేదా అంతకు మించి సిగరెట్లు తాగడం ఒకటి, మధుమేహం ఉండి హెచ్‌బీఏ1సీ 7 లేదా అంతకు మించి ఉండటం రెండోది. ఏ ఒక్కటి ఉన్నా రోగి వేగపు వర్గంలోకి వెళతాడు. తేయాకు తోటలో లోయె వేసిన ప్రశ్న దాదాపు యాభై ఏళ్ళకు రోగి చీటీ మీదికి వచ్చిందన్నమాట.

అయినా మన క్లినిక్కుల్లో ఇంకా టార్చి వేసి చూసి ‘గార ఉంది, తీయించుకోండి’ అనేస్తున్నాం. చిగురు పైపైన చూస్తే సంచి లోతు తెలియదు. మిల్లీమీటరు గుర్తులున్న సన్నటి ప్రోబ్‌ను పంటి చుట్టూ దించి కొలవాలి. ఒక్కో పంటికి ఆరుచోట్ల కొలవాలంటే పావుగంట పైనే పడుతుంది. దానికి ఫీజు అడగలేమని మనవాళ్ళు మానేస్తున్నారు. అడగండి, అది న్యాయమైన ఫీజే.

గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం గురించి: ఎముక పోయిన పళ్ళను ఆ గారే ఒకదానికొకటి అతికించి పట్టి ఉంచుతుంది. తీసేశాక వాపు తగ్గి సందులు కనిపిస్తాయి, ఉన్న కదలిక తెలుస్తుంది. కదలిక తెచ్చింది గార తీసిన డాక్టరు కాదు. క్రమం తప్పని శ్రద్ధ ఏం చేయగలదో స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్‌లో ఆక్సెల్‌సన్, లిండే చూపించారు. 1970ల మొదట్లో మొదలుపెట్టి 30 ఏళ్ళపాటు పెద్దలకు తోముకోవడం, పళ్ళ సందులు శుభ్రం చేసుకోవడం నేర్పి, ఎవరికి ఎంత ముప్పు ఉందో దాన్నిబట్టి తరచుదనం మార్చి పిలిపించారు. అన్నేళ్ళలో మనిషికి సగటున పోయినవి రెండు పళ్ళ లోపే, అందులోనూ ఎక్కువభాగం వేరు విరగడం వల్ల. పళ్ళ సందుల మాట గట్టిగా చెబుతున్నాను. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే, మామూలు బ్రష్ చేరనిదీ అక్కడికే. సందు ఇరుకైతే దారం, వెడల్పయితే సన్నటి సందు బ్రష్.

నా దంతవైద్య మిత్రులకు విన్నపం: కేస్‌షీటులో ‘ఇతర జబ్బులు: లేవు’ అని రాసి కలం మూసేముందు మూడు ప్రశ్నలు అడగండి. పొగాకు ఏ రూపంలో, రోజుకెంత? చక్కెర పరీక్ష ఆఖరిసారి ఎప్పుడు? తల్లిదండ్రుల పళ్ళు ఏ వయసులో పోయాయి? ఊరివారికి విన్నపం: ముప్పై దాటిన ప్రతివారూ ఈసారి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ మూడింటికీ జవాబులు ఆయన అడక్కముందే చెప్పండి, చెప్పి ‘నా చిగుళ్ళ లోతు కొలవండి’ అని అడగండి. టార్చితో చూసి సరిపెడితే కుర్చీలోంచి లేవకండి.